బీచ్ పట్టణాల గురించి రాసేటప్పుడు సముద్రం సంగతీ వేయండి

సంపాదకుడు గారికి,

ఉష్ణమండలపు బీచ్ పట్టణాల మీద పర్యాటక పేజీల్లో వచ్చే వ్యాసాల్లో ఎక్కడ దిగాలో, ఏం తినాలో, సూర్యాస్తమయం ఫొటో ఎక్కడ బాగా పడుతుందో అన్నీ ఉంటాయి. జనం వెళ్లేది సముద్రం కోసం. దాని గురించి మాత్రం నీలంగా, అందంగా ఉంటుందన్న మాట తప్ప మరొకటి ఉండదు. వెళ్లేవారిలో చాలామందికి ఈత రాదు. వచ్చినవారు కూడా నేర్చుకున్నది కొలనులోనే. అందుకే ఈ ఉత్తరం.

ముందు కాలం సంగతి. సీజన్లో అద్దె ఆకాశాన్నంటే గది సగం ధరకే దొరుకుతోందంటే కారణం చాలాసార్లు సముద్రంలోనే ఉంటుంది. రుతుపవనాల గాలి నేరుగా కొట్టే ఒడ్డున ఆ నెలల్లో అలలు పెద్దవి, నీళ్లు కలకబారి ఉంటాయి, పడవలు ఆపేస్తారు, రోజుల తరబడి ఎర్ర జెండా దిగదు. అదే ద్వీపానికి అవతలి ఒడ్డు ఆ వారమే ప్రశాంతంగా ఉండొచ్చు. కాబట్టి ఊరి పేరు ఒక్కటే చూసి టికెట్ కొనకుండా, ఆ ఊరు ఏ దిక్కు తీరాన ఉంది, ఆ నెలలో గాలి ఎటు నుంచి వీస్తుంది అన్న రెండు ప్రశ్నలూ అడగాలి.

బీచ్‌లో ప్రాణాలు తీసేది ఎక్కువగా సొరచేపలు కాదు, రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీరు మళ్లీ వెనక్కి పోవాలి. నీటి కింద ఇసుక మేటల మధ్య ఎక్కడ గండి ఉంటే అక్కడ పోగై, సన్నటి పాయగా లోపలికి పరుగెడుతుంది. గండి దగ్గర లోతు ఎక్కువ కనుక అల అక్కడ విరగదు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో ముదురు రంగులో నున్నగా, నెమ్మదిగా కనిపించే నీరు. పిల్లలను తీసుకెళ్లిన పెద్దలు సరిగ్గా ఆ చోటే ఎంచుకుంటారు, అలలు లేవు కదా అని! రాళ్ల గట్టు పక్కన, జెట్టీ పక్కన కూడా ఇలాంటి పాయలు ఉంటాయి. నీళ్లలో దిగే ముందు ఎత్తయిన చోట నిలబడి పది నిమిషాలు చూడాలి. నురగ, చెత్త, బురద ఒక గీతలా లోపలికి పోతుంటే అదే రిప్.

దాని వేగం మామూలుగా సెకనుకు ఒకటి రెండు అడుగులు. 8 అడుగుల దాకా కొలిచిన సందర్భాలున్నాయి, ఆ వేగానికి ఎదురీది గెలిచే ఈతగాడు ఎవరూ లేరు. అయితే రిప్ మనిషిని కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. మునిగేవారు మునిగేది ఒడ్డు వైపు ఎదురీది, ఆయాసపడి, నీళ్లు మింగి. చిక్కుకుంటే మొదట వెల్లకిలా తేలి ఊపిరి కూడదీసుకోవాలి. ఒక చెయ్యి ఎత్తి ఊపుతూ కేక వేయాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, తెల్లగా అలలు విరుగుతున్న వైపు ఈదాలి. అల విరుగుతోందంటే అక్కడ లోతు తక్కువ. ఒక వైపు సాగకపోతే రెండో వైపు ప్రయత్నించాలి. చాలా రిప్‌లు గుండ్రంగా తిరిగి మనిషిని మళ్లీ ఇసుక మేట మీదికే చేరుస్తాయి గనుక ఏమీ చేయలేనివారు తేలుతూ ఉండటమే మేలు. ఒడ్డున ఉన్నవారు ఖాళీ చేతులతో దూకకూడదు. కాపాడబోయినవారు మునిగిపోయి, మొదట చిక్కుకున్నవారు బయటపడిన ఘటనలు తక్కువేమీ కాదు. లైఫ్‌గార్డును పిలవాలి. ఆయన లేకపోతే తేలే వస్తువేదైనా, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా అయినా సరే, విసరాలి.

జెండాల భాష చాలా దేశాల్లో దాదాపు ఒకటే. పైన ఎరుపు, కింద పసుపు ఉన్న జెండాలు రెండు పాతితే వాటి మధ్య లైఫ్‌గార్డు కాపలా ఉందని, అక్కడే ఈదమని. ఒంటి పసుపు అంటే జాగ్రత్త. ఒంటి ఎరుపు అంటే ప్రమాదం ఎక్కువ, చాలాచోట్ల దిగవద్దనే. రెండు ఎర్ర జెండాలు కలిపి ఎగరేస్తే నీళ్లలోకి ప్రవేశమే లేదు. ఊదా రంగు జెల్లీ ఫిష్ వంటి జీవులకు గుర్తు. నలుపు తెలుపు గళ్ల జెండా సర్ఫింగ్ బోర్డుల హద్దు, ఈతగాళ్లు అటు పోకూడదు. ఇక్కడ అందరూ పొరబడేది ఒకటుంది. జెండా లేకపోవడం పచ్చజెండా కాదు. సాయంత్రం డ్యూటీ ముగియగానే లైఫ్‌గార్డులు జెండాలు పీకేసి వెళ్లిపోతారు. ఆ తర్వాతే మందు పార్టీలవారు నీళ్లలోకి దిగుతారు.

కొండ మలుపు దాటితే జనం లేని చిన్న ఇసుక తీరం ఉందని ఎవరో చెబుతారు. వెళ్లొచ్చు, ఆటుపోట్ల పట్టిక చూసుకుని. చాలా తీరాల్లో పోటుకూ ఆటుకూ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు. నీరు ఒకే తీరున పెరగదు. మధ్యలోని రెండు గంటల్లోనే సగం ఎత్తు ఎక్కేస్తుంది, నడిచొచ్చిన దారి అప్పుడే మూసుకుపోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ మరీ ఎక్కువ. ఆటు ఇంకా దిగుతుండగానే వెళ్లి, నీరు పూర్తిగా తగ్గిన వేళకు తిరుగుముఖం పట్టాలి.

జెల్లీ ఫిష్ కుడితే రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. రెండూ చర్మానికి అంటుకున్న విషపు కణాలను ఇంకా పేలుస్తాయి. ఉష్ణమండలపు బాక్స్ జెల్లీ ఫిష్‌కు కనీసం 30 సెకన్ల పాటు వెనిగర్ పోసి, ఆ తర్వాత ఒంటికి అంటుకున్న దాని తీగలు తీసేయాలి, వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. నీలి బుడగలా తేలివచ్చే బ్లూబాటిల్‌కు వెనిగర్ కాదు. తీగలు తీసి, ఒళ్లు కాలనంత వేడి నీళ్లు, సుమారు 45 డిగ్రీలు, 20 నిమిషాలు.

సన్‌స్క్రీన్ గురించి అందరూ రాస్తారు, ఎంత అన్నది రాయరు. పెద్దమనిషి ఒంటికంతా ఒక్కసారికి సుమారు 35 మిల్లీలీటర్లు కావాలి. 200 మిల్లీలీటర్ల సీసా ఆరుసార్లు కూడా రాదు. ప్రతి రెండు గంటలకూ, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది. సీసా మీది పదార్థాల జాబితా చదివి కొనండి.

జెట్ స్కీ అద్దెకు తీసుకుంటే డబ్బిచ్చే ముందే నాలుగు వైపులా, ముఖ్యంగా నీటిలో మునిగి ఉండే అడుగు భాగాన్ని వీడియో తీయాలి. తిరిగొచ్చాక అద్దెకిచ్చినవారు చూపించి డబ్బు అడిగే 'కొత్త గీత' అక్కడే ఉంటుంది. ఎంత అడిగినా పాస్‌పోర్టు తాకట్టు పెట్టకూడదు. స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగున ఈత, చేసినవారు ఆ సాయంత్రం విమానం ఎక్కకూడదు. ఒకే డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు ఆగాలి. లేకపోతే రక్తంలో మిగిలిన నత్రజని పైకి వెళ్లాక బుడగలు కడుతుంది. అందుకని డైవింగ్‌ను ప్రయాణం చివరి రోజుకు పెట్టుకోకూడదు, టూర్ ప్యాకేజీలు తరచూ చేసేది మాత్రం అదే.

మీ వ్యాసాల పక్కన హోటళ్ల వివరాలకు ఎలాగూ ఒక బాక్స్ ఉంటుంది. అందులో నాలుగు లైన్లు చాలు: తీరం ఏ దిక్కున ఉంది, ఏ నెలల్లో సముద్రం మూతపడుతుంది, లైఫ్‌గార్డులు ఏ వేళల్లో ఉంటారు, అత్యవసరానికి ఏ నంబరు.

ఇట్లు,
ఒక పాఠకుడు