జైల్లో కుట్టు నేర్పబోతున్న మా అమ్మాయికి

బుజ్జీ,

ఖైదీలకు కుట్టుపని నేర్పే బృందంలో నువ్వూ చేరావని విని నాన్న టెన్షన్ పడుతున్నారు. నాకేం భయం లేదు. ఆ గేటు లోపలికి ఇన్నేళ్లుగా వెళ్లొస్తున్నదాన్ని కదా, తెలిసినవి నాలుగు రాస్తున్నా.

"ఏం నేరం చేశావు?" అని ఎవరినీ అడక్కు. చెబితే విను. కొందరి కేసు ఇంకా తేలనే లేదు. తేలినవాళ్లకు శిక్ష వేసేసింది కోర్టు, మనం మళ్లీ వేయక్కర్లేదు.

ఖైదీలను ఎలా చూసుకోవాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఒకసారి చదువు. బయటివాళ్లకు దొరికే స్థాయి వైద్యం లోపలివాళ్లకూ ఉచితంగా అందాలనీ, విడుదలయ్యాక కూడా ఆ చికిత్స ఆగకూడదనీ వాటిలో ఉంది. మండేలాకే 1988లో జైల్లో ఉండగా టీబీ బయటపడింది. ఇరుకు గదులు, గాలి ఆడని చోటు, టీబీకి ఇంకేం కావాలి? రెండు వారాలైనా దగ్గు తగ్గనివాళ్లుంటే జైలు డాక్టరుకి చూపించమని పట్టుబట్టు.

అసలు చిక్కంతా విడుదల రోజున వస్తుంది. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలైనా వాడాలి. మధ్యలో వదిలేస్తే జబ్బు మొండికేస్తుంది. అందుకే విడుదల తేదీ ముందే కనుక్కోండి. చేతిలో కొన్నాళ్లకు సరిపడా మాత్రలు, మందుల చీటీ, ఏ ఆసుపత్రిలో ఎవరిని కలవాలో రాసిన కాగితం ఉండేలా చూడండి. గుర్తింపు కార్డు పోయినవాళ్లకు లోపల ఉండగానే దరఖాస్తు పెట్టించండి.

ఇక సర్టిఫికెట్ సంగతి. దాని మీద జైలు పేరు పడనివ్వొద్దు. ఒకామె తన సర్టిఫికెట్ పైభాగం మడిచి జిరాక్స్ తీయించుకోవడం నేను చూశాను. చేతిలో ఎంత పనితనం ఉన్నా ఆ పేరు కనబడగానే "కబురు చేస్తాం" అని పంపించేస్తారని ఆమె భయం. నిజమే మరి. మీ సంస్థ బయట విద్యార్థులకిచ్చే సర్టిఫికెట్టే వీళ్లకీ ఇవ్వండి. తొక్కుడు మిషన్లతో సరిపెట్టకుండా కరెంటు మిషన్లూ అడగండి. కుట్టు వచ్చినా ఆ వేగం అందక పని పోగొట్టుకుంటారు.

ఎవరు బతిమాలినా ఉత్తరాలు, వస్తువులు చాటుగా అటూ ఇటూ చేరవేయకు. నీ వల్ల అందరి అనుమతీ పోతుంది. వస్తానన్న రోజు తప్పకుండా వెళ్లు, వాళ్లకు వేరే పండగేం ఉండదు. సూదులు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకో. కత్తెరలకు మాత్రం ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, లేకపోతే మొదటి క్లాసు గేటు దగ్గరే అయిపోతుంది.

అమ్మ