బెజ్జం చూడమన్న పెద్దయ్యకు, మా డాబా ఎక్కి వచ్చిన అందరికీ కృతజ్ఞతలు

కనుమ వెళ్లి వారమైంది. ఆ రోజు బెంగళూరు కగ్గదాసపురలో మా డాబా మీద పదకొండు మందిమి కూర్చుని రాగి సంగటిలోకి పొట్టేలు తొడ తిన్నాం. ఎముక పట్టుకుని లాగితే మాంసం దానంతటదే జారి వచ్చేసింది. ఎట్లా చేశావని అందరూ నన్నే అడిగారు. చేసిన చేతులు చాలా ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

మా అన్న సింగపూర్ వెళ్తూ, బొగ్గుల మీద మాంసం కాల్చే తన సెరామిక్ గ్రిల్ మాకిచ్చి వెళ్లాడు. గుడ్డు ఆకారంలో ఉంటుంది, నలుగురు పడితేగానీ మెట్లెక్కలేదు. జపాన్ వాళ్ల కమాడో దీనికి మూలం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడున్న అమెరికా సైనికులు ముచ్చటపడి ఇళ్లకు తీసుకెళ్లారు. 1974లో అమెరికాలోని అట్లాంటాలో బిగ్ గ్రీన్ ఎగ్ అనే కంపెనీ మొదలయ్యాక దీని పేరు ఇంకా చాలా దూరం పోయింది. కమాడో అంటే పొయ్యి అని చెప్పగానే మా అమ్మ, "పొయ్యే కదా, మనకు రాకుండా పోతుందా" అంది. వచ్చింది, కానీ దీపావళి నుంచి సంక్రాంతి దాకా పట్టింది.

మొదటిసారి కోడి పెట్టాను. 180 డిగ్రీలు కావాలి. గాలి లోపలికి పోయే కింది తలుపు, పొగ బయటికి పోయే పైమూత రెండూ బార్లా తెరిచి, థర్మామీటర్ ముల్లు 180 తాకగానే మూయడం మొదలుపెట్టాను. ముల్లు ఆగలేదు, 290 దాకా పోయింది. ఇనుప గ్రిల్ అయితే కాసేపట్లో చల్లబడుతుంది. దీని గోడలు మందంగా ఉంటాయి, ఒకసారి వేడి తాగాయంటే గంటకు పైగా వదలవు. కోడి పైన బొగ్గయింది, ఎముక దగ్గర నెత్తురు కనిపించింది. రెండోసారి ఇంకా ఘోరం. గాలి మొత్తం మూసేసి, పది నిమిషాలయ్యాక మూత ఒక్కసారిగా ఎత్తాను. లోపల గాలి లేక ఆగిన మంట బుస్సుమని నా ముంజేతి మీదికి వచ్చింది. మా ఆడపడుచు కొడుకు నాలుగడుగుల దూరంలో ఆడుకుంటున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే దీన్ని అమ్మేద్దామని మా ఆయనతో అన్నాను.

మా వీధి మలుపులో కానుగ చెట్టు కింద ఇస్త్రీ బండి ఉంది. పెద్దయ్యది మదనపల్లె వైపు, ముప్పై ఏళ్లుగా అక్కడే బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తున్నారు. బట్టలు ఇవ్వడానికి వెళ్తే చేతి కట్టు చూసి, "ఏమైంది పాపా?" అన్నారు. చెప్పాను. ఆయన ఇస్త్రీ పెట్టె మూత తీసి నా ముందు పెట్టారు. లోపల నిప్పుల మీద పల్చగా నివురు. పక్కల అడుగున వరసగా బెజ్జాలు. "పట్టు చీరకీ ఇదే పెట్టె, కాటన్ పంచెకీ ఇదే పెట్టె. నిప్పు తినేది గాలి. నువ్వు బొగ్గు చూస్తాండావు, బెజ్జం చూడు" అన్నారు.

ఆ ఆదివారం పని ఆపుకుని మా డాబాకి వచ్చారు. ముందు గ్రిల్ లోపలికి చెయ్యి పెట్టి అడుగు చిల్లుల జల్లెడ తీశారు. చిల్లుల్లో సగానికి పైగా బూడిదతో, బొగ్గు నలకలతో పూడిపోయి ఉన్నాయి. "ఊపిరాడక చస్తాంటే ఎంత బొగ్గు పోస్తే ఏం పాపా" అని పాత టూత్‌బ్రష్ అడిగి తీసుకుని ఒక్కొక్క చిల్లూ తోమారు. తన బండికి వాడే సర్కారు తుమ్మ బొగ్గే తెచ్చారు. పెద్ద ముక్కలు కింద, చిన్నవి సందుల్లో. కిరసనాయిలు వద్దన్నారు. ఆ వాసన సెరామిక్‌లోకి ఇంకిపోయి తర్వాత వండిన ప్రతిదానికీ పడుతుంది, ఆ సంగతి నేను అప్పటికే అనుభవించాను. కొబ్బరి పీచు ముడి ఒక్కచోటే అంటించారు. "అంతా అంటిస్తే అంతా మండుతాది. ఒక మూల అంటిస్తే మిగతాది దాని వంతు కోసరం కాచుకోనుంటాది."

ఆయన డిగ్రీలు చూడలేదు, మూత మీద అరచేయి ఆనించీ ఆనించకుండా పెట్టి చూశారు. మా ఆయన పక్కన నిలబడి అంకెలు రాసుకున్నాడు. ముల్లు 90 దగ్గర ఉన్నప్పుడే కింది తలుపు వేలెడు సందుకు దించారు. 105 దగ్గర పైమూత సన్నని చీలికకు వచ్చింది. తర్వాత పావుగంట ఎవరం ముట్టుకోలేదు. ముల్లు మెల్లగా ఎక్కి 118 దగ్గర నిలిచింది, సాయంత్రం దాకా అక్కడే ఉంది. వేడి పైకి పోతున్నప్పుడే దారిలో పట్టుకోవాలి, దాటిపోయాక దించడం కష్టం. నేను ఇన్నాళ్లూ చేసిన తప్పు అదొక్కటే అని ఆ పావుగంటలో అర్థమైంది.

మా ఆఫీసులో విశాఖ తమ్ముడికి కూడా చాలా రుణపడ్డాను. ముల్లు నిజమే చెబుతోందా అని మొదట అడిగింది అతనే. మూత మీది థర్మామీటర్ ఊడదీసి దాని కాడ మరిగే నీళ్లలో పెట్టమన్నాడు. 112 చూపించింది. వెనకున్న నట్టు తిప్పి 100కి తేబోతుంటే ఆపాడు. "అక్కా, బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. మా వైజాగ్‌లో అయితే 100." అంటే పదిహేను డిగ్రీల తేడాతో ఇన్నాళ్లూ వండాను! మూత ఎత్తే పద్ధతీ అతనే నేర్పాడు. ముందు గాలి కొంచెం తెరవాలి, మూత రెండు వేళ్ల సందు లేపి పది లెక్కపెట్టాలి, మొహం పక్కకు పెట్టుకుని అప్పుడు పూర్తిగా తీయాలి. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలతో సహా అందరం పైకే లెక్కపెడతాం.

పక్క డాబా కన్నడ ఆంటీకి క్షమాపణ, కృతజ్ఞత రెండూ. మొదటి రోజుల్లో తెల్లటి పొగ ఆమె ఆరేసిన బట్టల మీదికి పోయింది. ఇంటి ఓనరుకు చెప్పకుండా నేరుగా నాకే చెప్పారు. అప్పటి నుంచి ఆ చిక్కటి పొగ పోయి, కనీకనపడనంత పల్చగా అయ్యేదాకా మాంసం పెట్టడం లేదు. రుచి కూడా అప్పుడే బాగుంది, చేదు పోయింది. ఓనరు గారు బాల్కనీలో వద్దు, డాబా మీదే, పక్కన ఇసుక బకెట్ ఉండాలి అన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఆ షరతు న్యాయమైనదే.

ఇక కనుమ రోజు. రెండున్నర కిలోల తొడ, అల్లం వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిర్చి పట్టించి రాత్రంతా ఉంచింది. నిప్పుకూ మాంసానికీ మధ్య అడ్డుపలక వేసి, 120 దగ్గర పొద్దున ఏడింటికి పెట్టాం. మాంసంలో గుచ్చిన ముల్లు 70 దాకా చక్కగా ఎక్కి అక్కడ కూర్చుంది. గంట గడిచినా కదలదు. చుట్టాలు బస్సు దిగారని ఫోన్. నా చెయ్యి కింది తలుపు మీదికి పోయింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "దాలిలో పాలు కాగేటప్పుడు ఎవరైనా పిడక ఎగదోస్తారా? మీ అవ్వ పొద్దున పెడితే మధ్యాహ్నానికి పాలు ఎర్రగా అయ్యేవి. నివురు కదిపితే పాలు పొంగేవి. వదిలెయ్యి." మాంసం మీది తడి ఆవిరై పోతూ చెమటలాగా దాన్ని చల్లబరుస్తుందనీ, అందుకే అక్కడ ఆగుతుందనీ విశాఖ తమ్ముడు ముందే చెప్పి ఉన్నాడు. అయినా నన్ను ఆపింది అమ్మ చెయ్యే. అరిటాకులో చుట్టి, పైన ఫాయిల్ వేసి మళ్లీ లోపల పెట్టాం. ఒంటిగంటకు 93 చూపించింది.

తిన్నాక రెండు గాలిదారులూ పూర్తిగా మూశాం. మిగిలిన బొగ్గు ఆరిపోయి మళ్లీ వాడుకోవడానికి పనికొచ్చింది. పెద్దయ్య వెళ్తూ వెళ్తూ గట్టిగా చెప్పిన మాట ఇక్కడ రాయాలి: జనవరి చలికి నిప్పులు గదిలో పెట్టుకోవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పెద్దయ్య ఆ రోజు డబ్బులు తీసుకోలేదు, తన పేరు రాయొద్దన్నారు. సంగటి ముద్ద మాత్రం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. వచ్చే ఆదివారం ఆయన మనవరాలి పుట్టినరోజు, నాలుగు కోళ్లు మా డాబా మీదే. బొగ్గు తను తెస్తానన్నారు, చిల్లులు తోమి ఉంచడం నా పని.