పిల్ల తప్పిపోతే ‘రేపు రా’ అనొద్దు

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీలో పనిచేశాను. ఆఖరి తొమ్మిదేళ్లు పాలమూరు బస్టాండుల్లో కంట్రోలర్‌గా ఉండి రిటైరయ్యాను. పండుగలు కాగానే మూటలు, బిందెలు, చంకన పసిపిల్లలతో బొంబాయి, పుణె దారి పట్టే జనాన్ని ఎన్నిసార్లు బస్సెక్కించానో లెక్కలేదు. బడికి పోయే పెద్దపిల్లలు మాత్రం ఊళ్లో అవ్వ దగ్గర ఉండిపోతారు. అలాంటి పిల్ల ఒకరు కనబడకుండా పోతే ఠాణాలో ఏం జరుగుతుందో ఈమధ్య కళ్లారా చూశాను. పాప పేరు, ఊరు, స్టేషను రాయడం లేదు. పిల్లల ఆనవాళ్లు బయటపెట్టొద్దని చట్టం చెబుతోంది. పైగా నా ఫిర్యాదు ఆ ఒక్క స్టేషను మీద కాదు.

పాపకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. అమ్మానాన్నలు పుణెలో సెంట్రింగ్ పనిలో ఉన్నారు. సాయంత్రం బడి నుంచి ఇంటికి రాలేదు. అవ్వ చీకటి పడేదాకా చుట్టాల ఇళ్లన్నీ తిరిగి, ఎనిమిదింటికి మా గడపలో నిలబడింది. “సారూ, ఠాణా దాంక జర తోడు రా” అంది. బండి మీద తీసుకెళ్లాను. కానిస్టేబుల్ మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు. ఆ తర్వాత ఆయన అడిగిన మొదటి మాట: “ఎవనితోనన్న ఫోన్ల మాట్లాడుతుండెనా?” రెండో మాట: “తల్లిదండ్రులేరి?” పుణెలో ఉన్నారంటే, “అయితే రేపు రమ్మను. సార్ గూడ బందోబస్తుకు పోయిండు. ఇంకోసారి చుట్టాల కాడ చూసుకోండ్రి” అన్నాడు.

ఫోటో ఉందా అంటే అవ్వ కొంగుముడి విప్పింది. బతుకమ్మ నాడు గల్లీ ఆడపిల్లలంతా కలిసి దిగిన ఫోటో. మన పాప వెనక వరసలో ఉంది, గునుగుపూలు అడ్డమొచ్చి సగం మొహమే పడింది. “దీంట్ల ఏం కనబడతది అవ్వా” అన్నాడాయన. నిజమే, ఏమీ కనబడదు. నేను బయటికొచ్చి హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. పది నిమిషాల్లో బడి రికార్డులోని ఫోటో నా వాట్సాప్‌కు వచ్చింది. తొమ్మిది కూడా కాలేదు. ఆ ఫోటోను ఎవరికి పంపాలో ఆ ఠాణాలో ఎవరూ చెప్పలేకపోయారు. మేం రాసిచ్చిన కాగితం తీసుకున్నారు. దానికి రసీదు లేదు, నంబరు లేదు. మర్నాడు మధ్యాహ్నం తండ్రి వచ్చి నిలబడ్డాకే ఎఫ్ఐఆర్ రాశారు.

పాప అప్పటికే దొరికింది. చెప్పులు పోగొట్టుకుందని పొద్దున అవ్వ తిట్టిందట. ఆ కోపంతో బడి యూనిఫాం మీదే ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకొని జడ్చర్ల దాకా బస్సులో పోయి, అక్కడ రైలెక్కింది. రాత్రి పదింటికి కాచిగూడ స్టేషన్లో ఒక్కతే కూర్చుంటే రైల్వే పోలీసులు చూసి చేరదీశారు. భయానికి ఊరి పేరు చెప్పలేదు. తెల్లారాక చెప్పింది. ఆ రాత్రంతా పాప ఫోటో నా ఫోన్లో ఉంది, పాప వాళ్ల దగ్గర ఉంది. అవ్వ మాత్రం ఊరవతలి బావి చుట్టూ టార్చిలైటు పట్టుకొని తిరుగుతోంది. రైల్వే పోలీసుల కంటే ముందు ఇంకెవరి కళ్లయినా పడి ఉంటే ఈ ఉత్తరం వేరేగా ఉండేది.

ఠాణాలో “దొరికింది గదా సారూ, ఇంకేంది” అన్నారు.

ఇంకేందో చెబుతాను. 2013 మే 10న సుప్రీంకోర్టు స్పష్టంగా ఆదేశించింది. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్ఐఆర్ రాయాలి. దర్యాప్తులో వేరే సంగతి తేలేదాకా కిడ్నాప్ గానో, అమ్మకానికి తరలించినట్టుగానో భావించే వెతకాలి. అంటే “ఎవనితోనన్న పోయిందేమో” అన్న అనుమానం ముందు పుట్టడానికి వీల్లేదు. పదమూడేళ్ల పిల్ల ఎవడితోనైనా పోయినా అది వాడి నేరమే, పిల్ల తప్పు కాదు. తల్లిదండ్రులే రావాలన్న నిబంధన ఎక్కడా లేదు. అవ్వ చెప్పినా, పక్కింటివాడు చెప్పినా రాసుకోవాల్సిందే. ప్రతి ఠాణాలో పిల్లల వ్యవహారాలు చూసే అధికారి ఒకరు, కనీసం ఏఎస్సై హోదాలో, ఉండాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెప్పింది. నాలుగు నెలలైనా పిల్లలు దొరక్కపోతే కేసును మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి అప్పగించాలని నిబంధన ఉంది. ఇవన్నీ పోలీసులకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది అవ్వకు.

మన రాష్ట్రంలోనే, యాదాద్రి జిల్లాలో ఇంతకంటే పెద్ద పాఠం ఉంది. బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో 2019 ఏప్రిల్‌లో ఒక బడిపిల్ల శవం పాడుబడ్డ బావిలో దొరికింది. తవ్వుతూ పోతే మరో ఇద్దరి ఆనవాళ్లు బయటపడ్డాయి. వారిలో పదకొండేళ్ల పాప 2015లోనే కనబడకుండా పోయింది. నాలుగేళ్లు ఆమె రికార్డులో ‘తప్పిపోయిన బాలిక’గానే మిగిలింది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు నిందితుడికి ఉరిశిక్ష వేసింది. శిక్ష సంగతి అలా ఉంచండి. 2015లో ఆ కాగితాన్ని కిడ్నాప్ కేసుగా పట్టుకొని చుట్టుపక్కల బావులన్నీ చూసి ఉంటే మిగతా ఇద్దరు బతికేవారేమో అన్న ఆలోచన ఆ దారిన పోయే ఎవరికైనా వస్తుంది. 2018 జూలై ఆఖర్లో యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి పోలీసులు 11 మంది బాలికలను విడిపించారు. ఎత్తుకొచ్చి పెంచిన పిల్లలు వారిలో ఉన్నారని పోలీసులే చెప్పారు. ఆ పిల్లల కోసం కూడా ఏదో ఒక ఠాణా ముందు ఎవరో ఒకరు నిలబడే ఉంటారు.

‘మా పరిధి కాదు’ అన్నది ఇంకో జబ్బు. 2019 నవంబరులో దిశ ఘటనలో ఆ రాత్రి కుటుంబం స్టేషన్ల మధ్య తిరగాల్సి వచ్చింది. ఫిర్యాదు తీసుకోవడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు.  2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్, ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలని నేరుగా రాసింది.

ఇక నాకు తెలిసిన విషయానికి వస్తాను. ఎత్తుకుపోయేవాడైనా, అలిగి పోయే పిల్లయినా ఊరు దాటాలంటే మా బస్టాండు మీదుగానో, రైల్వే ప్లాట్‌ఫాం మీదుగానో, హైవే టోల్‌గేటు మీదుగానో పోవాలి. 2018 జూలైలో కోఠి ప్రసూతి ఆసుపత్రి నుంచి ఆరు రోజుల పసికందును ఎత్తుకెళ్లిన మహిళ హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో బీదర్ బస్సెక్కింది. సీసీ కెమెరాల్లో అది చూసి వెంటపడ్డారు కాబట్టే మర్నాటికల్లా బిడ్డ బీదర్‌లో దొరికింది. నేను డ్యూటీలో ఉన్నన్నాళ్లు ‘కనబడుట లేదు’ పోస్టరు మా దగ్గరికి ఎప్పుడూ పది పదిహేను రోజులకు వచ్చేది. వాన తడిసి, సగం చిరిగి, పైన సర్కస్ బొమ్మ అంటించాక కూడా ఆ పిల్లల కళ్లు కనబడుతుండేవి. అదే గంటలోపు కంట్రోలర్‌కు ఒక ఫోటో, ఒక ఫోన్ వస్తే మైకులో చెప్పి, ఆ మధ్య బయల్దేరిన సర్వీసుల కండక్టర్లకు, తర్వాత వచ్చే బస్టాండుకు చెప్పడానికి పావుగంట చాలు. యూనిఫాంలో ఒక్కతే జడ్చర్ల టికెట్ అడిగిన పిల్లను ఏ కండక్టరూ మరిచిపోడు. కాబట్టి ఎస్పీలకు, ఆర్టీసీ రీజనల్ మేనేజర్లకు నా మనవి: ఠాణా నుంచి బస్టాండుకు, రైల్వే పోలీసులకు, టోల్ గేట్లకు అదే గంటలో కబురు పోవాలి. ఎప్పుడు పోయిందో ఠాణా డైరీలో టైముతో సహా ఉండాలి. డబ్బు ఖర్చయ్యే పని కాదిది.

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ జరుపుతారు. ఇటుక బట్టీల నుంచి పిల్లలను తీసుకొస్తారు. మంచి పనే, కాదనను. కానీ పిల్లలు క్యాలెండరు చూసుకొని తప్పిపోరు కదా.

పోలీసుల కష్టం తెలియక కాదు. ముగ్గురు మనుషులతో జాతర బందోబస్తు, మంత్రి పర్యటన, పొలంగట్ల తగాదా అన్నీ చూసుకోవాలి. తప్పిపోయినవారిలో చాలామంది రెండు రోజుల్లో తిరిగొస్తారన్నదీ నిజం. కానీ తిరిగిరాని పిల్ల ఏదో మొదటి రాత్రి ఎవరికీ తెలియదు. మనవైపూ తప్పుంది. పరువు పోతుందని రెండు రోజులు గుట్టుగా వెతికి, మూడోనాడు ఠాణాకు పోయే ఇళ్లు నాకు తెలుసు. పోలీసుల డయల్ 100, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు ఇంట్లో ఎక్కడా రాసి ఉండవు.

ఠాణా మాట్లాడకపోతే వాట్సాప్ మాట్లాడుతుంది. 2018 మేలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న పుకారుతో యాదాద్రి జిల్లాలో ఒక అమాయకుడిని కొట్టి చంపారు. అప్పట్లో గద్వాల, వనపర్తి ఊళ్లలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను డప్పుతో, పాటలతో ఇంటింటికీ పంపి ఆ పుకారును ఆపగలిగారు. పుకారును ఆపడానికి అంత దూరం పోగలిగినవాళ్లు నిజంగా పిల్ల పోయినప్పుడు కూడా ఆ డప్పు కొట్టించొచ్చు.

ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవారికి ఉచితంగా ఇవ్వాలి. అవ్వకు ఇంకా ఇవ్వలేదు. రెండుసార్లు పోయొచ్చింది. పోయిన సోమవారం ఆమె వేలిముద్రతో ఎస్పీ గారికి రిజిస్టర్ పోస్టు చేశాను. రసీదు మాత్రం ఆ బతుకమ్మ ఫోటోతో కలిపి ఆమె కొంగుముడిలోనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కంట్రోలర్,
నాగర్‌కర్నూల్ జిల్లా