విత్తే ముందే సుంకం చెప్పండి: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో వానను నమ్ముకున్న మెట్ట ఊరు. తాతల నాటి నుంచి శనక్కాయే మా పంట. 2025 మే 30న, మేం కాయ ఒలిచి విత్తనం సిద్ధం చేసుకుంటున్న రోజుల్లో, ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10కి దించారు. దాన్ని సున్నా నుంచి 20కి పెంచింది 2024 సెప్టెంబరులోనే. తొమ్మిది నెలలైనా తిరగలేదు. సుంకం తగ్గితే బయటి నూనె చవకై మా కాయ ధర పడిపోతుంది. 20 ఉంటుందని లెక్క వేసుకుని కౌలు మాట్లాడుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

నూనె ధర మండుతుంటే సర్కారు చూస్తూ కూర్చోలేదు, నిజమే. మేమూ కొనుక్కుని తినేవాళ్లమే. కానీ దేశం వాడే నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. అందులో పెద్ద వాటా ఇండోనేసియా, మలేసియా పామాయిల్‌ది. సుమత్రా, బోర్నియోల్లో ఎంతో అడవి ఆ తోటల కింద పోయింది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేసియా ఎగుమతి ఆపేసి, మే 23న గానీ మళ్లీ వదల్లేదు. అప్పుడు నూనె ప్యాకెట్ కొనాలంటేనే టెన్షన్.

ఇక పిల్లల సంగతి. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. శనక్కాయ నూనెలో అది ఐదో వంతుకు అటూ ఇటూ. పండక్కి ఓసారి అరిసెలు వేయించుకుంటే ఏమీ కాదు. ఇప్పుడు చవక బిస్కెట్, చిప్స్, మిక్చర్ ఏ ప్యాకెట్ వెనక్కి తిప్పినా చాలావాటి మీద పామాయిల్, పామోలిన్ అనే ఉంటుంది. పొద్దున్నే కూలికి పోయే తల్లి బిడ్డ చేతిలో పెట్టేది అదే. గుప్పెడు శనక్కాయల్లో నాలుగో వంతు మాంసకృత్తులే. అవి పండే ఊళ్లోనే ఇలా ఉంది.

నూనె ఒక్కటే కాదండీ. శనక్కాయ వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. గానుగలో మిగిలిన చెక్క, చేలో మిగిలిన కట్టె పశువులకు మేత. వాటి పేడ మళ్లీ చేనికే. 2021లో 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ పెట్టారు. నీళ్లున్న గోదావరి జిల్లాల్లో ఆ తోట నిలుస్తుంది, 550 మిల్లీమీటర్ల వానకే ఎదురుచూసే మా నేలకు కుదరదు. ఏటా శనక్కాయే వేసి మేమూ నేలను అలసగొట్టాం. కంది, అలసంద సాళ్లను మళ్లీ తెచ్చుకోవడం మా పని.

మీ పని వేరే ఉంది. సుంకం ఎంతో ఏప్రిల్‌లోనే ప్రకటించండి. కాయ అమ్ముడుపోయే జనవరి దాకా కదపకండి. ధర పేదలకు భారమైతే, ఆ సుంకం డబ్బుతోనే రేషన్ షాపుల్లో, అంగన్‌వాడీల్లో మా జిల్లా గానుగ నూనె ఇప్పించండి. జూన్‌లో తొలకరి పడగానే విత్తనానికి అప్పు తెస్తాం. ఆ అప్పు పత్రం మీద సంతకం పెట్టే ముందు మాకు ఆ అంకె తెలియాలి.

ఇట్లు,
ఒక శనక్కాయ రైతు,
అనంతపురం జిల్లా