ఊండ్ సర్టిఫికెట్‌లో ఫోటోకు చోటివ్వండి

రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని. మా చేతికొచ్చే ఊండ్ సర్టిఫికెట్లలో (గాయాలను పరీక్షించి డాక్టరు ఇచ్చే పత్రాల్లో) తరచూ ఒకటే వరస: "వీపు మీద కమిలిన గాయం, మొద్దు వస్తువుతో తగిలింది, సింపుల్." కమిలిన చోటు ఏ ఆకారంలో ఉందో మాత్రం ఉండదు.

అసలు సంగతంతా ఆ ఆకారంలోనే ఉంది. లాఠీతోనో పైపుతోనో గట్టిగా కొడితే ఒంటి మీద పక్కపక్కనే రెండు ఎర్ర గీతలు తేలతాయి, మధ్యలో చర్మం పాలిపోయి ఉంటుంది. దెబ్బ పడ్డచోట రక్తం పక్కలకు నెట్టుకుపోయి, అంచుల్లో సాగిన సన్నటి నాళాలు చిట్లడం వల్ల అలా అవుతుంది. వీపు మీద అలాంటి జంట గీతలు నాలుగైదు ఉంటే, మెట్ల మీద జారిపడ్డాడన్న కథ నిలవదు. బెల్టు బకిల్‌తో కొడితే ఒక్కోసారి దాని అచ్చే పడుతుంది.

ఇదేదీ రాయకపోతే కోర్టులో డాక్టరు గారిని ఎదుటి లాయరు ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్న చాలు: "కింద పడినా ఇలా కావచ్చు కదా?" డాక్టరు గారు "కావచ్చు" అంటారు. (డిఫెన్సు తరఫున ఉంటే నేనూ అదే అడుగుతాను.) కాగితంలో లేనిది ఆయన మాత్రం ఎక్కణ్నుంచి తెస్తారు?

ఒక్కోసారి ఫోటోలుంటాయి. ఎవరి ఫోన్‌లోనో ఏటవాలుగా తీసినవి, పక్కన స్కేలు లేనివి. కొలతకు పనికిరావు. గాయానికి తిన్నగా ఎదురుగా కెమెరా పట్టి, ఎల్ ఆకారపు స్కేలు పక్కన పెట్టి తీయాలి. లోతు దెబ్బ మొదటిరోజు కనబడకపోవచ్చు, ఒకటి రెండు రోజులకు పైకి తేలుతుంది. కస్టడీలో ఉన్నవాళ్లను 48 గంటలకోసారి డాక్టరు పరీక్షించాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆ పరీక్షలోనూ మళ్లీ ఫోటో తీయించండి.

రంగు చూసి "మూడు రోజుల నాటి గాయం" అని తేల్చి రాయడం కూడా ఆపించండి. పసుపు కనబడితే సుమారు 18 గంటలు దాటిందనొచ్చు, అంతకు మించితే ఊహే. అలాగే గీతలు చూసి ఫలానా లాఠీయే అనీ, ఫలానావాడే కొట్టాడనీ చెప్పలేం. కుర్చీ కాలుతో కొట్టినా అవే గీతలు పడొచ్చు. డాక్టర్ల మీద ఆ భారం వేయమని నేను అడగడం లేదు.

అడిగేది ఇంతే: ఫారంలో గాయం ఆకారానికి ఒక గడి, ఫోటోకు ఒక పేజీ, ప్రతి క్యాజువాలిటీలో ఒక స్కేలు. ఇందుకు మీ శాఖ సర్క్యులర్ ఒక్కటి చాలనుకుంటున్నాను.

ఇట్లు,
ఒక న్యాయవాది