నరసాపురం రేవులో మాకు పడవ నడిపిన పెద్దాయనకు

అయ్యా, మీ పేరు అడిగితే "పేరుతో పనేముంది, ముందు చెత్త తీయండి" అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

కార్తికమాసం వెళ్ళాక వశిష్ఠ గోదావరి ఒడ్డు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. దీపాలు వదిలిన అరటి దొప్పలు కుళ్ళి మట్టిలో కలుస్తాయి. థర్మోకోల్ పళ్ళేలు, పూజ సామాను తెచ్చిన కవర్లు కలవవు. ఆ చెత్త తీయడానికి మా కుర్రకారంతా ఉత్సాహంగా పడవ ఎక్కబోతే సగం మందిని మీరు దింపేశారు. మిగిలినవాళ్ళ లైఫ్ జాకెట్ల పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూశారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి అంత ఘోరం జరిగాక కూడా జాకెట్టును దిండుగా వాడుకునేవాళ్ళు ఉన్నారు మరి!

పాటు మొదలై నీళ్ళు సముద్రం వైపు తీస్తే చెత్త అంతర్వేది వైపు, అటునుంచి సముద్రంలోకి పోతుందని తొందరపెట్టారు. నీటి మీద పెరిగే గుర్రపుడెక్క దగ్గర ఇంజను ఆపి గెడ వేశారు. తుంచితే ఆ ముక్కే మళ్ళీ పెరుగుతుందని వేళ్ళతో సహా లాగించారు. పడవ ఇంజను పంకాకు చుట్టుకున్న నైలాను వలను చాకుతో కోసి, ఒక్క పోగు కూడా నీళ్ళలో పడకుండా సంచిలో వేశారు. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి నుంచి జనాన్ని, బళ్ళను దాటించే పంటు వస్తుంటే వేగం తగ్గించి, పడవ ముక్కును అలకు ఎదురు తిప్పారు. పక్కనే చిన్న నావలో వల వేస్తున్న దంపతులకు కుదుపు తగలకూడదని మీ జాగ్రత్త.

మీరు వద్దన్న డీజిలు డబ్బులు రేవులోని టీ కొట్టులో ఇచ్చి ఉంచాం. మొహమాటపడకుండా తీసుకోండి. మా అందరి తరఫున మీకు కృతజ్ఞతలు.