పేరు కొట్టేయడానికి అందే కబురు సాయానికి అందదా?

సంపాదకులకు నమస్కారం.

సంక్షేమ పథకాలు మితిమీరాయని కొందరు, చాలవని కొందరు మీ పత్రికలో రాస్తుంటారు. నేను కోనసీమలో ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో తపాలా శాఖలో పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాత ఇంటి అరుగు మీద కూర్చుని ఇరుగుపొరుగు వారికి దరఖాస్తులు నింపిపెడుతున్న వాణ్ని. ఆ అరుగు మీంచి నాకు కనిపించే ఇబ్బంది ఆ రెండూ కాదు. పథకం ఉంటుంది, దానికి అన్ని విధాలా తగిన కుటుంబమూ ఉంటుంది, కానీ ఆ సంగతి ఆ కుటుంబానికి చెప్పవలసిన బాధ్యత మాత్రం ఎవరి మీదా ఉండదు.

మొన్న సంక్రాంతి వెళ్లాక మా వీధిలోని ఒక ఇల్లాలు బ్యాంకు పాసుపుస్తకం పట్టుకుని వచ్చింది. ఆమె భర్త కొబ్బరి దింపులు తీసేవాడు. శ్రావణంలో ముసురు పట్టిన రోజున తడిసిన చెట్టు మీంచి జారిపడితే పట్టణంలోని ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడ లాభం లేదనడంతో తిరిగి ఇంటికి తెచ్చుకున్నారు. మర్నాడు తెల్లవారుజామున పోయాడు. వయసు నలభై నాలుగు. “ఆయన ఖాతాలో ఇరవై రూపాయలు కోసేశారండి మేస్టారూ, ఎందుకో కాస్త కనుక్కోండి” అన్నది ఆమె నాతో చెప్పుకున్న ఫిర్యాదు. (పోస్టుమాస్టరుగా చేసిన పుణ్యానికి, ఒక్క పాఠమైనా చెప్పకుండానే నేను ఊరందరికీ మేస్టారునయ్యాను.)

పాసుపుస్తకంలో మే నెలాఖరున పడిన ఆ కోత ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ప్రీమియం. 2015లో మొదలైన ఈ పథకంలో 18 నుంచి 70 ఏళ్ల లోపు ఖాతాదారు ఏడాదికి 20 రూపాయలు కట్టి ఉండి ప్రమాదంలో మరణిస్తే, కుటుంబానికి 2 లక్షల రూపాయలు రావాలి. ఖాతా తెరిచిన రోజున ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారని ఆమెకు లీలగా గుర్తుంది, అంతే. భర్త చనిపోయి అయిదు నెలలు గడిచినా, ఆ పుస్తకాన్ని పెట్టె అడుగున ఉంచుకుని ఆమె డ్వాక్రా సంఘంలో అప్పు కోసం తిరుగుతూనే ఉంది.

బ్యాంకుకు వెళితే పోలీసు కేసు కాగితమూ పోస్టుమార్టం నివేదికా లేనిదే దరఖాస్తు తీసుకునేది లేదన్నారు. నిబంధనల ప్రతి సంపాదించి చదివాను. రోడ్డు ప్రమాదం, నీట మునక, నేరం వంటి వాటిలోనే పోలీసులకు తెలియజేసి ఉండాలి. పాము కాటు, చెట్టు మీంచి పడిపోవడం వంటి వాటికైతే వెంటనే చేరిన ఆసుపత్రి రికార్డు ఆధారంగా సరిపోతుందని అందులో స్పష్టంగా రాసి ఉంది. చెట్టు మీంచి పడిపోవడం అన్న మాటే ఉంది! ఆమె ఒక ప్లాస్టిక్ సంచిలో ఆధార్ కార్డుతో పాటు మడత పెట్టి దాచిన ఆసుపత్రి చీటీ అప్పటికే సగం చెదలు తినేసింది. తేదీ, వైద్యుడి సంతకం ఉన్న సగం మిగలడం అదృష్టం. ఆ చీటీ చూపించాకే దరఖాస్తు తీసుకున్నారు, తర్వాత రెండు నెలలకు డబ్బు పడింది.

దక్కకుండా పోయినది కూడా చెప్పాలి. అదే ఖాతా నుంచి ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు 436 రూపాయలు కోత పడవలసి ఉండగా, ఆ రోజు ఖాతాలో మూడు వందల చిల్లరే ఉండటంతో పడలేదు. అది పడి ఉంటే మరో 2 లక్షలు వచ్చేవి. ఇక కొబ్బరి చెట్లెక్కే వారి కోసమే కొబ్బరి అభివృద్ధి మండలి నడిపే కేరా సురక్ష అనే ప్రమాద బీమా ఒకటి ఉన్నదని మా ఊళ్లో మోకు పట్టే వాళ్లలో నేను అడిగిన ఏ ఒక్కరూ వినలేదు. కొబ్బరి మీద బతికే కోనసీమలోనే ఆ మాట వినబడకపోతే మరెక్కడ వినబడాలి?

నన్ను బాధించినది మరొకటుంది. ఆయన మరణాన్ని నమోదు చేసినది పంచాయతీ కార్యదర్శి. ఆ నమోదు ఆధారంగా బియ్యం కార్డులో పేరు తొలగిపోయి, నెలకు అయిదు కిలోల బియ్యం వెంటనే తగ్గాయి. అంటే చావు కబురు సర్కారుకు చేరింది, కోతకు సంబంధించినంత వరకు చురుకుగానే పనిచేసింది. కానీ అదే గ్రామ సచివాలయ భవనంలో, నాలుగు బల్లల అవతల కూర్చునే సంక్షేమ సహాయకులకు ఆ కబురు ఒక పనిగా చేరలేదు. వితంతు పింఛను గురించి ఆమె తానుగా వెళ్లి అడిగితే, కొత్త దరఖాస్తులు తీసుకునేటప్పుడు చెబుతామన్నారు. పింఛను తీసుకుంటున్న భర్త మరణిస్తే మరుసటి నెల నుంచే భార్యకు పింఛను ఇచ్చే ఏర్పాటును ప్రభుత్వమే 2024 నవంబరు నుంచి అమలు చేస్తోంది కనుక, మరణం నమోదు కాగానే సాయాన్ని కదిలించడం చేతకాని పనేమీ కాదు.

బియ్యం కార్డుకు అనర్హులను ఏరివేసే ఆరు అంచెల వడపోత ఉన్న సంగతి పాఠకులకు తెలుసు. పల్లెల్లో నెలకు 10,000 రూపాయల ఆదాయం, మూడెకరాల మాగాణి, సొంత కారు, 300 యూనిట్ల కరెంటు, ఇలా ఒక్కొక్క లెక్కా ఆధార్‌తో ముడిపడి ఉంది. ఎవరి మీటరో పొరపాటున తన ఆధార్‌కు జతపడిన కూలీ సైతం ఆ వలలో చిక్కుకున్న సందర్భాలున్నాయి. అనర్హుణ్ని అంత పట్టుదలగా వెతికే కంప్యూటరు, అవే వివరాలతో అర్హుణ్ని ఎందుకు వెతకదో నాకు అంతుపట్టదు.

రాష్ట్ర ప్రభుత్వ సేవలను ఫోనులోనే అందించడానికి 2025 జనవరిలో వచ్చిన మనమిత్ర వాట్సాప్ సేవ మంచిదే. వయసు, ఆదాయం వంటి వివరాలిస్తే తగిన పథకాలు చూపించే కేంద్రం వారి మైస్కీమ్ వెబ్‌సైటు కూడా ఉంది. ఏమి అడగాలో తెలిసిన వారికి అవి బాగా పనికొస్తాయి. ఇరవై రూపాయలు ఎందుకు కోశారని అడిగే మనిషి అక్కడిదాకా వెళ్లదు.

కనుక అధికారులకు నా విన్నపం ఒక్కటే. మరణ ధ్రువపత్రం ఇచ్చేటప్పుడే, ఆ కుటుంబం దరఖాస్తు చేసుకోదగిన పథకాలు, కావలసిన కాగితాలు, ఎవరిని కలవాలన్న వివరం ఒక చీటీ మీద తెలుగులో అచ్చువేసి ఇంటి వారి చేతిలో పెట్టాలి. నెల మొదట పింఛన్లు పంచడానికి సచివాలయం సిబ్బంది ఎలాగూ గడప గడపకూ వెళుతున్నారు. ఆ వీధిలో ఈ మధ్య చావు జరిగిన ఇంటి ముందు అయిదు నిమిషాలు ఆగి, పాసుపుస్తకం తెప్పించి చూడమనండి.

ఈలోగా పాఠకులు తమ ఇళ్లలో పనిచేసే వారి పాసుపుస్తకాల్లో 20, 436 అంకెలు ఉన్నాయో లేదో చూసిపెట్టాలని కోరుతున్నాను. ఈ రెండు బీమాల ఏడాది జూన్ 1న మొదలవుతుంది కాబట్టి, ఆ పథకాల్లో చేరినవారి ఖాతాలో మే నెలాఖరుకు 456 రూపాయలు ఉండాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
కోనసీమ